ఇసుక తినే గోడ

జీవశిల సముద్రాన్ని ఆపగలదని మైలపల్లి హైమావతి మొదటిసారి చెప్పినప్పుడు నమ్మింది ఇద్దరే. ఒకరు, ఆమె పనిచేసే విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అనంతకృష్ణ. రెండోవాడు, రెల్లుదిబ్బ అనే ఊళ్ళో చేపలవేట చేసుకునే ఆమె అన్న దాసు.

ఇద్దరికీ నమ్మక తప్పని అవసరమే ఉంది. విశాఖకు ఉత్తరాన ఆ విశ్వవిద్యాలయాన్ని సరిగ్గా సముద్రం అంచున కట్టారు. గాజుగోడల గ్రంథాలయంలో నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుంటే కింద నేల కనబడదు, నీళ్ళే కనబడతాయి. సముద్రం వైపు మెట్లు దిగే ఆరుబయలు రంగస్థలం, తెరచాప పడవల క్లబ్బు, ఎర్రరంగు వేసిన పరుగుల బాట, లోపలే కెరటాలు పుట్టించే పొడవాటి తొట్టి ఉన్న ప్రయోగశాల, అన్నీ నీటికి ఎదురుగానే ఉండేవి. చేరడానికి వచ్చిన పిల్లలు ఆ గాలికీ ఆ వెలుతురుకీ ముగ్ధులై వేరే కాలేజీ మాటెత్తేవారు కాదు. పదేళ్ళు తిరక్కుండా సముద్రం పరుగుల బాటను సగం కోసేసింది. తర్వాత రంగస్థలం అడుగుమెట్లు మూడు పోయాయి. ఒక వానాకాలం తర్వాత గ్రంథాలయం పునాదిలో చెయ్యి పట్టేంత పగులు కనబడింది.

రెల్లుదిబ్బ అక్కడికి ఉత్తరాన రెండు కిలోమీటర్లు. నూట నలభై గడప, అంతా వేటకు పోయేవాళ్ళు. అక్కడ కూడా సముద్రం ముందుకొస్తోంది గాని నెమ్మదిగా, ఏడాదికి రెండడుగుల చొప్పున. హైమ ఆ ఊళ్ళోనే పుట్టింది. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాకపోతే అన్న దాసు పదహారో ఏట తెడ్డు పట్టి ఆమెను చదివించాడు. సముద్రాన్ని ఆపే ఉపాయం కనిపెట్టాలని ఆమె అనుకున్నది ఆ నూట నలభై గడపల కోసమే. ఈ సంగతి నియామకపు ఇంటర్వ్యూలో కూడా దాచకుండా చెప్పింది.

ఉప్పుటేటి మొగలో ఆలిచిప్పలు ఒకదానికొకటి అతుక్కుని రాతిగట్టులా తయారవడం ఆమె చిన్నప్పట్నుంచీ చూసిందే. ఆ చిప్పల మధ్య బతికే ఒక సూక్ష్మజీవిని తెచ్చి ఏడేళ్ళు పెంచింది, మార్చింది. మారాక అది సముద్రపు నీటిలోంచి సున్నం లాక్కుని, కెరటం మోసుకొచ్చిన ఇసుకను ఆ సున్నంతో అతికించి రాయి చేసేది. రాయి పగిలితే, పగుల్లోకి ఉప్పునీరు చేరగానే లోపల నిద్రపోతున్న జీవి మేలుకుని పూడ్చేసేది. ఆ రాయికే జీవశిల అని పేరు పెట్టింది. మేస్త్రీలు అక్కర్లేదు. కెరటం ఎంత గట్టిగా కొడితే గోడ అంత త్వరగా బలిసేది.

"ముందు మన క్యాంపస్ దగ్గర కడదాం, హైమావతీ. ఇక్కడ నిలబడితే మీ ఊరికి అనుమతి అడగడం తేలిక" అన్నారు అనంతకృష్ణ. ఆ మాటలో ఆమెకు తప్పేమీ కనబడలేదు.

కిలోమీటరు పొడవున గోడ వేశారు. ఆ ఏడాది కార్తీకంలో పెద్ద తుపాను వచ్చింది. తెల్లారాక హైమ రెయిన్‌కోటు వేసుకుని పరుగున వెళ్ళి చూస్తే, గోడ మూడు చోట్ల చీలి ఉంది. ఎనిమిదో రోజుకి మూడు చీలికలూ పూడిపోయాయి. పూడినచోట కొత్తరాయి లేత గులాబిరంగులో, తడిగా, కొత్తగా కట్టిన పొక్కులా ఉంది. అధ్యాపకులూ పిల్లలూ గుంపులుగా వచ్చి దాన్ని చేత్తో తాకి చూశారు. అనంతకృష్ణ అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నారు. గ్రంథాలయం ముందు మళ్ళీ పరుగుల బాట వేశారు.

రెల్లుదిబ్బకు అనుమతి మాత్రం కాగితాల్లోనే తిరిగింది. అలా రెండేళ్ళు గడిచాయి.

---

జనవరి మొదటివారంలో ఒక మధ్యాహ్నం సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ చేశారు. మీ అన్నయ్యనని ఒకాయన గేటు దగ్గర గొడవ పడుతున్నాడు, లోపలికి పంపమంటారా అని. హైమ వెళ్ళేసరికి దాసు లుంగీ మీద చొక్కా వేసుకుని, చేతిలో మోకుచుట్టతో నిలబడి ఉన్నాడు. క్యాంటీన్‌కు తీసుకెళ్ళి టీ ఇప్పించింది. చుట్టూ పిల్లలు ల్యాప్‌టాప్‌లు తెరిచి కూర్చున్నారు. దాసు టీ ముట్టుకోలేదు. మోకు విప్పి బల్ల మీద పరిచాడు. దానికి రెండు ముళ్ళున్నాయి.

"ఇదిగో, ఈ ముడి పోయిన పండక్కి మన ఇంటి అరుగు కాణ్ణుంచి నీటి దాకా. ఈ ముడి నిన్న కొలిసింది."

రెండు ముళ్ళ మధ్య దూరం దాదాపు అరవై అడుగులు. హైమ మోకును చేత్తో లాగి మళ్ళీ చూసింది.

"ఒక్క ఏడాదిలోనా అన్నయ్యా?"

"ఒక్క ఏడాదే. ఇసకే లేదే సెల్లీ. గుల్లలూ గుండ్రాళ్ళూ తేలాయి. బోటు లాగుతుంటే అడుగు సెక్కుకుపోతంది. సిన్నప్పుడు నువ్వు గవ్వలేరిన సోటు ఇప్పుడు నడుంలోతు నీళ్ళు. దచ్చిణం నించి ఇసక రావాల గదా, రాటంలేదు. యాడికి పోతందో నువ్వే సెప్పాల."

"వస్తాను. కొలుస్తాను" అంది హైమ.

"నువ్వు కొలిత్తే గాని నిజం కాదా ఏటి?" అని నవ్వాడు దాసు. చల్లారిపోయిన టీ ఒక్క గుటకలో తాగి లేచాడు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. చెల్లెలు చూసుకుంటుందన్న ధైర్యమే ఉంది.

ఆమె నాలుగు రోజులు తీరమంతా కొలిచింది. ఆ తీరంలో ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఏ గోడ కట్టినా కొంత ఆగుతుంది. అందుకే జీవశిలను ఎనిమిది నెలలపాటు కెరటాల తొట్టిలో పరీక్షించారు. గోడకు అవతల ఇసుక తగ్గడం ఒక్కనాడూ కనబడలేదు. నివేదికలో ఆ వాక్యం ఆమే రాసింది.

ఐదో రోజు పొద్దున్నే తొట్టి ఉన్న షెడ్డుకు వెళ్ళింది. మస్తాన్ వలీ అక్కడ పాతికేళ్ళుగా టెక్నీషియన్. అప్పుడే వచ్చి కెరటాల మోటారు ఆన్ చేస్తున్నాడు.

"మస్తాన్ గారూ, ఆ ఎనిమిది నెలలూ గోడ అవతల ఇసుక గీత దగ్గరే ఉంది కదా?"

"ఉంది మేడమ్. ఉండేలా చూసుకున్నాగా."

"చూసుకోవడమంటే?"

"రోజూ పొద్దున రెండు బకెట్లు పోసేవాణ్ణి. ఇసుక గీత తగ్గకూడదని మీరే కదా మొదటిరోజు చెప్పింది?" మస్తాన్ ఆమె ముఖం చూసి మోటారు ఆపేశాడు. "తప్పు చేశానా మేడమ్? నీళ్ళతోపాటు జల్లెడలోంచి పోతోందేమో అనుకున్నాను."

"రిజిస్టర్లో రాయలేదేం?"

"రాయమని ఎవరూ అనలేదు."

హైమ తొట్టి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. జల్లెడలోంచి ఏమీ పోలేదు. జల్లెడ ఆమే కుట్టించింది. రోజుకు రెండు బకెట్ల ఇసుకను, ఆ తొట్టిలోని మూడు మీటర్ల గోడ తిన్నది. దారికడ్డంగా నిలబడి ఆపే మామూలు గోడల్లా కాదు, పక్కనుంచి వెళ్ళేదాన్ని కూడా పట్టి లోపలికి లాక్కుంటోంది. బయట ఉన్నది కిలోమీటరు గోడ. అక్కడ బకెట్టుతో పోసే మనిషి లేడు.

"మీ తప్పేం లేదు మస్తాన్ గారూ. నేను చెప్పినట్టే చేశారు" అంది.

---

అనంతకృష్ణ అంతా విన్నారు. అడ్డురాలేదు, బుకాయించలేదు. ఆమె తెచ్చిన పటాల్ని రెండుసార్లు చూశారు. ఆయన గది కిటికీలోంచి గోడ కనబడుతుంది. పిల్లలు దాని మీద వరసగా కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పైకి చెప్పాలి సర్. గోడను ఆపే దారి వెతకాలి."

"వెతుకు. ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడేళ్ళు. నాలుగు కావచ్చు."

"ఈలోగా మీ ఊరు ఉంటుందా?"

ఆయన సొరుగులోంచి ఒక ఫైలు తీసి ఆమె ముందు పెట్టారు. రెల్లుదిబ్బ గోడకు అనుమతి ఫైలు. అన్ని సంతకాలూ అయ్యాయి. చివరి పేజీలో ఒక్కటి ఖాళీగా ఉంది.

"నిన్ననే వచ్చింది. ఒక్క ధ్రువీకరణ అడిగారు. ఉత్తర తీరం కోసుకుపోవడానికి కారణం సహజమైనది, ఇప్పుడున్న గోడకూ దానికీ సంబంధం లేదు అని. నువ్వు సంతకం చేస్తే నెల తిరిగేసరికి పని మొదలవుతుంది, వానలకి ముందే పూర్తవుతుంది. నువ్వు తెచ్చిన ఈ పటాలు పైకి వెళితే రేపే కోర్టు స్టే ఇస్తుంది. మన గోడ ఆగదు, అది ఎవరు చెప్పినా వినదు. ఆగేది మీ ఊరి గోడ ఒక్కటే." ఆయన గొంతు తగ్గించారు. "నాకు నాలుగువేల మంది పిల్లలున్నారమ్మా ఇక్కడ. నేను వాళ్ళ సంగతి చూసుకోవాలి. నీ వాళ్ళ సంగతి నువ్వు ఆలోచించుకో. రెండు రోజులు తీసుకో."

మర్నాడు ఆమె రెల్లుదిబ్బ వెళ్ళింది. వదిన సింహాలమ్మ వెనకగదిలో సామాను ముందుగదిలోకి మారుస్తోంది. వెనకగోడకు చేరబడితే చల్లగా తగులుతోంది, అవతల నీళ్ళు. వదిన తమ్ముడు ఎల్లాజీ బియ్యం డ్రమ్ము మోస్తూ, "వదినా, నీ గోడ ఎప్పుడు కడతావే? మా అక్క ఇల్లు మోయలేక నా నడుం పడిపోతంది" అని హాస్యమాడాడు. దాసు పడవ మీద రెండో మనిషి అతనే. ఆ మాఘానికే పెళ్ళి కుదిరింది.

ఆమె చెబుదామనే వచ్చింది. ఇసుకను తింటున్నది నా గోడే అని, ఇక్కడ ఇంకొకటి కడితే ఇళ్ళు నిలుస్తాయి గాని ఒడ్డు ఇక రాదని, ఏం చేద్దామని. వదిన వంజరం పులుసు వడ్డించింది. దాసు వలలో చిక్కుముళ్ళు విప్పుతూ పాత కబుర్లు చెప్పాడు. చెబితే వాళ్ళకు ఎంతవరకు అర్థమవుతుంది అనుకుంది. చెబితే ఊరంతా యూనివర్సిటీ గేటు మీద పడుతుంది, ఫైలు ఆగిపోతుంది అనుకుంది. వాళ్ళకేది మంచిదో తనకు తెలుసుననుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చేసింది.

మర్నాడు పదకొండు గంటలకు సంతకం చేసింది.

---

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట నిషేధించే రెండు నెలల్లో పడవలన్నీ ఒడ్డునే ఉండగా గోడ లేచింది. ఊరంతా పనికి వచ్చారు. పడవలు వెళ్ళి రావడానికి మధ్యలో పన్నెండు మీటర్ల దారి వదిలారు. జీవశిల దారిని చీలిక అనుకుని పూడ్చెయ్యకుండా హైమ రెండు పక్కలా రాగిరేకులు బిగించింది. రాగి తగిలితే ఆ జీవి చస్తుంది. జూన్ నడిమధ్య పడవలు కొబ్బరికాయలు కొట్టుకుని వేటకు బయల్దేరినప్పుడు సింహాలమ్మ ఆడపడుచు నుదుట బొట్టు పెట్టింది. తొలి వానలకు ఒక్క ఇల్లు కూడా పోలేదు. వెనకగదిలోకి సామాను తిరిగి చేరింది.

జులై మొదట్లో దాసు ఫోన్ చేశాడు.

"సెల్లీ, దారిలో అడుగున ఏదో తగులుతంది. కెరటం మీద వత్తే ఏం గాదు. కెరటం దిగినప్పుడు వత్తే బోటు అడుగు గీసుకుంటంది."

ఆమె వెళ్ళి నీళ్ళలోకి గజంబద్ద దింపి చూసింది. రేకులు బిగించిన పక్కలు శుభ్రంగా ఉన్నాయి. కిందినుంచి మాత్రం రాయి లేచింది. గోడలోంచి కెరటాలకు రాలిన ముక్కలు దారి అడుగున పడి వేళ్ళు తన్నాయి. మూడడుగుల ఎత్తున గడప కట్టుకుంటున్నాయి. పైనుంచి చూస్తే ఏమీ లేదు, నురగ తప్ప. నీటిలో పనిచేసే మనుషుల్ని పిలిపించి యంత్రాలతో కొట్టించింది. పన్నెండు రోజుల్లో మళ్ళీ అంత లేచింది.

"నాలుగు రోజులు వేట ఆపండి అన్నయ్యా. రాగి పలక తెప్పిస్తున్నాను, అడుగున పరిపిస్తాను."

"ఇప్పుడే గదే సేప తగిలేది. రెండు నెల్లు కూకున్నాం. కెరటం సూసుకుని వత్తాంలే."

"వద్దన్నయ్యా."

"నువ్వు పలక తే. నేను సూసుకుంటాను."

పలక వచ్చే శుక్రవారానికి ముందు బుధవారం, పొద్దున పదిన్నరకు, గ్రంథాలయం నాలుగో అంతస్తులో సమావేశం జరుగుతోంది. పక్క రాష్ట్రాల రేవుల అధికారులు పదకొండుమంది గోడను చూడ్డానికి వచ్చారు. హైమ తెరమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతోంది. ఆమె వెనక గాజుగోడ, దానవతల ఎడమవైపున రెల్లుదిబ్బ. వేట నుంచి పడవలు తిరిగొస్తున్నాయి. ఒక అధికారి ఆమెను దాటి బయటికి చూస్తుంటే ఆమె కూడా వెనక్కి తిరిగింది.

మొదటి పడవ కెరటం మీద తేలి దారిలోంచి లోపలికి వెళ్ళింది. రెండోదీ వెళ్ళింది. మూడోది పచ్చరంగు పడవ, దాసుది. కెరటం దాన్ని దాటి ముందుకు పోయింది. పడవ కిందికి దిగి, దిగినచోట దిగినట్టే ఆగిపోయింది. వెనకనుంచి వచ్చిన కెరటం దాని తోకను ఎత్తింది. పడవ ముక్కు మీద నిలబడి పక్కకు ఒరిగి గోడ మీద పడింది. అద్దంలోంచి చప్పుడేమీ రాలేదు. గదిలో ఏసీ శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. ఎవరో ఫోన్ తీసి ఫొటో తీస్తున్నారు.

హైమ చేతిలో మైకు అలాగే పట్టుకుని నాలుగంతస్తుల మెట్లూ దిగింది.

దాసుకు భుజం విరిగింది. ఎల్లాజీ పడవకూ గోడకూ మధ్య నలిగిపోయాడు. బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

---

మూడో రోజున ఊళ్ళో పెద్దలు దాసు ఇంటిముందు చేరారు. హైమ వీధి మలుపు తిరుగుతుంటే అన్న గొంతు వినబడింది.

"దాన్నేటి అంటారు? అది వద్దని సెప్పింది నాకు. నేనే ఇన్లేదు. ఆ రాయిపురుగు అలా సేత్తాదని దానికి మాత్రం ఏటి తెలుసు? తెలిత్తే సెప్పకుండా ఉంటాదా? నా సెల్లి నా కాడ అబద్ధమాడదు."

సింహాలమ్మ గుమ్మంలో తల దించుకుని కూర్చుని ఉంది. హైమ మలుపులోనే ఆగిపోయింది. కాసేపటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

విచారణ సంఘం వేశారు. ఆగస్టు ఆఖర్లో విశ్వవిద్యాలయం సమావేశ మందిరంలోనే కూర్చున్నారు. ముగ్గురు సభ్యులు, వాళ్ళకు అధ్యక్షురాలు రిటైరైన ఇంజనీరు ఒకావిడ. అడుగుభాగంలో రాగిరేకు వెయ్యకపోవడం సాంకేతిక లోపం, దానికి ఎవరినీ తప్పుపట్టలేం అని తేల్చి ముగిద్దామనే ధోరణి అందరిలోనూ ఉంది. అనంతకృష్ణ ముందురోజు హైమను పిలిచి, "అడిగినదానికే జవాబు చెప్పు, అమ్మా" అన్నారు. రెండో వరసలో దాసు మెడకు చెయ్యి వేలాడగట్టుకుని, తెల్లచొక్కా వేసుకుని సాక్షిగా కూర్చున్నాడు.

హైమ వంతు వచ్చింది. రాగిరేకుల గురించి అడిగారు. చెప్పింది. తర్వాత ఎవరూ అడగకుండానే, "ఇంకొకటి చెప్పాలి" అంది. బకెట్ల సంగతి చెప్పింది. తీరం కొలిచిన పటాలు తీసి బల్ల మీద పెట్టింది. క్యాంపస్ గోడ ఇసుకను తింటుండబట్టే ఊరి ఒడ్డు పోయిందని, ఆ ఒడ్డే ఉంటే అక్కడ గోడే అక్కర్లేదని, ధ్రువీకరణ పత్రంలో తను సంతకం చేసిన వాక్యం అబద్ధమని చెప్పింది.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసింది. "సంతకం చేసేనాటికి ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరైనా బలవంతం చేశారా?"

హైమ అనంతకృష్ణ వైపు చూడలేదు. "ఫైలు వారు పెట్టారు. రెండు రోజులు ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకునే చేశాను."

దాసు లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళేసరికి రంగస్థలం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అవతల పడవల క్లబ్బు దగ్గర పిల్లలు తెరచాప పడవలు నీళ్ళలోకి దించుతున్నారు.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాడు.

"జనవరి నుంచి."

"ఇంటికొచ్చి పులుసు తిన్నావు. ఆరోజుకి తెలుసా?"

"తెలుసు. చెబుదామనే వచ్చాను." ఆమె అతని పక్కన కూర్చోబోయి నిలబడిపోయింది. "చెప్పుంటే గోడ వచ్చేది కాదన్నయ్యా. వానలకి ఇళ్ళు పోయేవి."

"పోయేవేమో. దిబ్బెక్కి పాకలేసుకుందుమేమో. లేదంటే, ఒడ్డు ఇంక రాదట, అయినా ఇళ్ళే కావాలి, గోడే కట్టండి అని మేమే అందుమేమో. ఎల్లాజీ కూడా అలాగే అనునేమో. ఆడికి ఇల్లంటే పేణం." దాసు విరగని చేత్తో మెట్టు మీది ఇసుకను తుడిచాడు. "మా ఇల్లు, మా బోటు, మా పేణాలు. ఒక్క మాట అడగొచ్చు గదా. మీరు అడగలేదు."

అతను ఆమెను మీరు అనడం అదే మొదలు. పొరపాటున అన్నాడేమోనని హైమ అతని ముఖం చూసింది.

"అన్నయ్యా..."

"ఎల్లొత్తాను మేడమ్. బస్సుకి టయిమైంది" అని దాసు లేచాడు. మెట్లెక్కడానికి ఒక చేత్తో ఇబ్బంది పడుతుంటే పట్టుకోబోయింది. అతను తోసెయ్యలేదు. ఆమె చెయ్యి వదిలేదాకా ఆగి, తర్వాత ఎక్కాడు.

---

సంఘం నివేదిక శీతాకాలంలో వచ్చింది. క్యాంపస్ గోడను కదిపితే గ్రంథాలయం, రెండు హాస్టళ్ళు కూలుతాయి కాబట్టి దాన్ని ముట్టుకోకూడదన్నారు. రెల్లుదిబ్బ దారిని నెలనెలా యంత్రాలతో కొట్టించమన్నారు. రెండు నెలలు కొట్టించారు, తర్వాత మానేశారు. పడవలు ముప్ఫై కిలోమీటర్ల అవతలి రేవుకు మారాయి. కుటుంబాలూ ఒక్కొక్కటే వాటి వెంట వెళ్ళాయి. దాసు భుజం పూర్తిగా అతకలేదు. రేవులో ఎవరిదో పడవకు వలలు అల్లుతున్నాడని తెలిసింది. ఊళ్ళో మాత్రం ఇళ్ళన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చాలావాటికి తాళాలు.

అనంతకృష్ణ పదవీకాలం ముగిసి వెళ్ళిపోయారు. హైమ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. జీవశిల మీద హక్కు మాత్రం విశ్వవిద్యాలయానిది. సంఘం అడిగినందుకు కరపత్రంలో ఇసుక గురించి చిన్న అక్షరాల్లో ఒక పేరా చేర్చారు. అప్పటికే కొత్తగా తొమ్మిది చోట్ల గోడ కట్టడానికి ఒప్పందాలు కుదిరాయి. పేపర్లో ఆ పేర్లు చూసి ఆమె ఒక కాగితం మీద రాసుకుంది. ప్రతి పేరు పక్కన, దానికి ఉత్తరాన ఉన్న ఊరి పేరు రాసుకుంది.

మొదటిది గోదావరి జిల్లాలో ఒక చిన్న పల్లె. మార్చి నెలలో, ఎండ తిరిగాక వెళ్ళింది. చేపలు ఎండబెట్టే అరుగు మీద ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ముప్ఫైమంది దాకా చేరారు. సగం మందికి ఇళ్ళు అప్పటికే పోయాయి, బడిలో ఉంటున్నారు. మా ఊరి ముందే గోడ కడతారట, మీరు సర్కారు మనిషా అని అడిగారు. కాదు, ఆ గోడ కనిపెట్టింది నేనే అని చెప్పింది.

గంటసేపు మాట్లాడింది. ఏదీ మిగల్చలేదు. ఇసుకను ఎలా తింటుందో, ఒడ్డు ఎలా పోతుందో, దారి అడుగున రాయి ఎలా లేస్తుందో చెప్పింది. గోడ కడితే మీకు ఉత్తరాన ఉన్న ఊరికి కూడా ఇదే గతి అని చెప్పింది. ఎల్లాజీ ఎలా పోయాడో చెప్పింది. తను సంతకం ఎందుకు చేసిందో చెప్పింది. "ఇది మీ ఊరు. వద్దంటే వద్దని రాసివ్వండి, నేను వెంట వచ్చి సాక్ష్యం చెబుతాను. మీరే ఆలోచించుకోండి" అంది.

ఎవరూ మధ్యలో లేవలేదు. శ్రద్ధగా విన్నారు. తర్వాత వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి మాణిక్యం అనే ముసలావిడ ముందుకొచ్చింది. ఆవిడ ఇల్లు అరుగు మీదనుంచే కనబడుతోంది. వెనకగోడ లేదు. లోపల వెల్లవేసిన గూడు, గూట్లో దేవుడి పటం, దానవతల సముద్రం.

"అన్నీ నిజమే చెప్పేవమ్మా. అదీ అర్థమైంది. ఒక్కటి చెప్పు. ఆ గోడ కట్టేత్తే ఈ వానలకి నా ఇల్లు ఉంటాదా?"

ఉండదని చెప్పాలని హైమకు ఎంతో అనిపించింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"ఉంటుంది" అంది.

మాణిక్యం వెనక్కి తిరిగి తనవాళ్ళను ఒకసారి చూసింది. వాళ్ళు తల ఊపారు.

"అయితే కట్టేయమనమ్మా" అంది.